జీలుగుమెట్ట గ్రామసభలో పొగ తీర్మానం

2023 సెప్టెంబరు 12, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు జీలుగుమెట్ట నుంచి కొందరు స్త్రీలు నర్సీపట్నం మండల పరిషత్ కార్యాలయంలో నా బల్ల ముందుకు వచ్చి, తమ గ్రామంలో పొగను రద్దు చేయవలసిందిగా కోరారు. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. అర్జీ అందిన నిమిషాన్ని కూడా ముద్ర పక్కన రాయాలని మా పై అధికారి ఆ నెలలోనే ఆదేశించారు. మరుసటి నెలకల్లా ఆ ఆదేశాన్ని అందరూ మరిచిపోయారు, ఆయనతో సహా.

అప్పుడు నేను పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి విస్తరణాధికారిని. అంత పొడుగు హోదా పలికే ఓపిక ఎవరికీ ఉండదు కనుక ఈవో మేడం అనేవారు. మండలంలోని పంచాయతీ కార్యదర్శుల పనిని పర్యవేక్షించడం, గ్రామసభలు సక్రమంగా జరిగాయని నివేదించడం నా విధులు. గ్రామసభ అంటే ఊరిలోని ఓటర్లందరి సభ. చట్టం ప్రకారం దానిని ఏటా నిర్ణీత తేదీల్లో జరపాలి. ఆచారం ప్రకారం సర్పంచి, కార్యదర్శి, ఇద్దరు వార్డు సభ్యులు, ఒక కుక్క హాజరవుతారు. మిగిలిన సంతకాలను సాయంత్రం ఇంటింటికీ తిరిగి సేకరిస్తారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. అచ్చులో ఉన్న ప్రతి నిబంధనా ఎక్కడో ఒకచోట అమలవుతూ ఉంటుందని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకం నా ఉద్యోగానికి ఎన్నడూ అడ్డు రాలేదు, ఎందుకంటే దాని గురించి నన్ను ఎవరూ అడగలేదు.

ఊరి పేరూ, మనుషుల పేర్లూ ఇక్కడ మార్చాను. మిగిలినది జరిగినట్టే రాస్తున్నాను.

అర్జీ తెచ్చిన బృందానికి పెద్ద నూకరత్నం. డ్వాక్రా సంఘాల గ్రామ నాయకురాలు. అర్జీలో ఉన్నది ఒకే వాక్యం: రాబోయే ఉగాది నుంచి జీలుగుమెట్టలో ఎవరి ప్రాంగణం నుంచి వచ్చే పొగగానీ, వాసనగానీ, చప్పుడుగానీ ఆ ప్రాంగణం దాటరాదు, దాటిస్తే పంచాయతీ అనుమతి రద్దు చేయాలి. దీనిని అక్టోబరు మూడున జరిగే గ్రామసభలో ఓటుకు పెట్టాలని అడిగారు. కింద సంతకాలు, వేలిముద్రలు చట్టం అడిగినదానికంటే ఎక్కువే ఉన్నాయి.

ఈ వాక్యం ప్రకారం వంకాయ వేపుడు కూడా నేరమే అవుతుందని ఆమెకు వివరించాను. పక్కింటి పోపు వాసన గోడ దాటకుండా ఆపగలిగిన చట్టం దేశంలో ఇంతవరకూ లేదని కూడా చెప్పాను.

“పోపు గొడవ కాదండి మేడం,” అంది నూకరత్నం. “ఆ జీడి బట్టీ పొగండి. అంగన్‌వాడీ పిల్లగుంటలకి ఒకటే దగ్గు. మా ఇంట్లో ఆరేసిన బట్టలు తిరగేస్తే మసి.”

“అయితే బట్టీ అనే రాయండి.”

ఆమె వెనక ఉన్నవాళ్లు ఒకరి మొగాలొకరు చూసుకున్నారు. “ఊళ్లో ఉన్నది ఒక్క బట్టీయే కదండీ,” అంది నూకరత్నం. “బట్టీ అని రాస్తే దేవకరుణ అని రాసినట్టే. ఆవిడొక్కర్తి మీద రాసినట్టుంటే ఏటి బాగుంటాదండి? మా ఊళ్లో అలాటి అలవాటు లేదు. అందికే అందరికీ కలిపి రాసీసినాం.”

ఒక పొరుగింటావిడ మనసు నొప్పించకూడదన్న మర్యాద కోసం ఊరంతటి పొయ్యిలనూ నిషేధించిన అర్జీ నా సర్వీసులో అదొక్కటే. ముద్ర వేసి, పక్కన నిమిషం రాసి, తీసుకున్నాను.

దేవకరుణ బట్టీ నాకు తెలుసు. జీడిపిక్కలు కాల్చడం పంచాయతీ పరిభాషలో ‘ప్రమాదకర, అభ్యంతరకర వృత్తుల’ కిందికి వస్తుంది. వాడుకలో డి అండ్ ఓ లైసెన్సు అంటారు. దానిని ఏటా మార్చి చివర పునరుద్ధరించాలి. దేవకరుణ భర్త పోయాక తన ఇంటి పెరట్లోనే రేకుల షెడ్డు వేసి బట్టీ పెట్టుకుంది. కాల్చిన పిక్కలను ఆ వీధిలోని స్త్రీలు కొట్టి పప్పు తీస్తారు. జీడి రసానికి వాళ్ల వేళ్లు నల్లబడి, ఎంత బూడిద రాసినా తెల్లబడవు. ఆమెకు వేరే స్థలం లేదు. తీర్మానం నెగ్గితే మార్చిలో లైసెన్సు పునరుద్ధరించే వీలుండదు. బట్టీ చల్లారితే ఆమె ఇల్లూ, ఆ స్త్రీల ఇళ్లూ ఒకేసారి చల్లారతాయి. అర్జీలో మాత్రం ఆమె పేరు లేదు.

అర్జీ నకలు అందగానే సర్పంచి అప్పలనాయుడుగారు పాలకవర్గాన్ని సమావేశపరిచారు. పాలకవర్గం అంటే సర్పంచి, వార్డు సభ్యులు. నేను పరిశీలకురాలిగా వెళ్లాను. అప్పలనాయుడుగారికి ఊరి అవతల పొలంలో బెల్లం వండే పొయ్యిలు ఉన్నాయి. సీజన్లో వాటి పొగ యలమంచిలి రైల్లో వెళ్లేవాళ్లకు కూడా కనిపిస్తుందని ఆయనే గర్వంగా చెప్పేవారు. కనుక తీర్మానాన్ని ఆయన వ్యతిరేకించడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం ఆయన ఎంచుకున్న పద్ధతిలో ఉంది.

ఆయన ఇబ్బంది ఇది. వ్యతిరేకిస్తున్నానని నోటితో అంటే డ్వాక్రా సంఘాలన్నిటితో తగువు. పైగా ఆ మధ్యే ఆయన పుట్టినరోజుకు కట్టిన ఫ్లెక్సీలో ఆయన బొమ్మ పక్కన ‘పచ్చదనమే మా ఊపిరి’ అని ఉంది. ఆ ఫ్లెక్సీ ఇంకా పంచాయతీ గుమ్మానికే వేలాడుతోంది. చాలాసేపు అందరూ టీ తాగారు. చివరికి రెండో వార్డు సభ్యుడు ఉపాయం చెప్పాడు: మనం కాదనొద్దు, ఇంకా కలుపుదాం. అందరికీ కోపం వచ్చేదాకా కలుపుదాం. సభలో వాళ్లే కొట్టేస్తారు.

ఆ సూచన సమావేశానికి ప్రాణం పోసింది. ఊరేగింపుల్లో డీజే వద్దన్నారు. కుర్రాళ్లు మండిపడాలి. సైలెన్సర్ తీసేసిన బళ్లు వద్దన్నారు, వాళ్లే మరోసారి మండిపడాలి. ఫ్లెక్సీలు వద్దని ఒకాయన అనబోయి, గుమ్మం వైపు చూసి, మానుకున్నాడు. ముసలమ్మల ఓట్లు ఎలా పోగొట్టాలన్న చర్చ వచ్చింది.

“సుట్ట పెట్టండి,” అన్నారు సర్పంచిగారు. “వీధరుగుల మీద సుట్ట కాల్చరాదు. అదొక్కటి సాలు.”

అలా పంచాయతీ పాలకవర్గం, తాను ఎంతమాత్రం కోరుకోని పర్యావరణ తీర్మానాన్ని జిల్లాలోకెల్లా కఠినమైనదిగా తీర్చిదిద్ది, ఏకగ్రీవంగా ఆమోదించి, గ్రామసభ అజెండాలో ఒకే అంశంగా చేర్చింది. ఒకే అంశం అన్నది సర్పంచిగారి పట్టుదల. విడివిడిగా ఓటు వేస్తే కోపాలు విడిపోతాయని ఆయన లెక్క. మినిట్సులో అంతా సక్రమంగా నమోదైంది. ‘పాలకవర్గం తన చొరవతో చేర్చిన అంశాలు’ అన్న శీర్షిక కింద రాయమని కార్యదర్శికి నేనే చెప్పాను. నిబంధన అది.

గ్రామసభకు ముందు ఊరిలో టముకు వేయించాలి. టముకు వేసే మనిషి అజెండాను చదవడు. అర్థం చేసుకుని చెబుతాడు. అతను అర్థం చేసుకున్నది వీధివీధినా ఇలా వినిపించింది: “మంగళారం పదకొండు గంటలకి ఇస్కూలు కాడ సభహో! పొగ బందు! సప్పుడు బందు! సుట్ట బందు!”

ఆ మర్నాడు దేవకరుణ మా కార్యాలయానికి వచ్చింది. ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. చేతులు మాత్రం కొంగులో దాచుకుంది.

“నా బట్టీ మూయించీడానికే ఇదంతా అంటన్నారండి. నిజమేటండి?”

తీర్మానం నెగ్గితే లైసెన్సు ఇవ్వడం కష్టమని చెప్పాను.

“నా పేరుందాండి అందులో?”

“లేదు.”

“బట్టీ అనైనా ఉందాండి?”

“లేదు.”

“మరి నాను ఏటని జవాబు సెప్పుకోవాలండి? నన్నడిగితే కదా సెప్పడానికి. నన్ను అడగనే లేదు, కానీ నాదే పోతాది.”

నోటీసు ఇవ్వకుండా ఒక మనిషి లైసెన్సును రద్దు చేయకూడదని మా నిబంధనల్లో ఉంది. కానీ ఊరంతటికీ వర్తించే తీర్మానంలో ఎవరికీ విడిగా నోటీసు ఇవ్వనక్కరలేదు. అంటే, ఆమెను నొప్పించకూడదని రాసిన వాక్యమే ఆమెకు నోరు లేకుండా చేసింది. ఈ సంగతి ఆమెకు కార్యాలయ భాషలో వివరించాను. ఆమె శ్రద్ధగా విని, సభలో ఓటరు ఎవరైనా లేచి మాట్లాడవచ్చా అని అడిగింది. మాట్లాడవచ్చన్నాను. బేగి బస్సు అందుకోవాలని చెప్పి వెళ్లిపోయింది.

నడుమ వినాయక చవితి వచ్చింది. నిమజ్జనం ఊరేగింపుకి కుర్రాళ్లు నర్సీపట్నం నుంచి లారీ నిండా డీజే పెట్టెలు తెప్పించారు. ఆ చప్పుడుకి రెండు ఇళ్లలో అల్మరాల అద్దాలు పగిలాయి. నూకరత్నం గేదె తాడు తెంపుకుని పారిపోయి, మూడో ఊళ్లో దొరికింది. సర్పంచిగారు లారీ ముందు చిందులేశారు. ఆ వీడియో ఊళ్లోని అన్ని ఫోన్లలోనూ తిరిగింది.

అక్టోబరు మూడున పాఠశాల ఆవరణలో షామియానా కింద అడుగు పెట్టడానికి చోటు లేదు. నా సర్వీసులో అంత నిండిన గ్రామసభను అంతకుముందు చూడలేదు. అయితే కూర్చున్న చోటు నుంచి చూడగానే పాలకవర్గం ఒక సంగతి మరిచిపోయిందని అర్థమైంది. అది పనిదినం. డీజే మీద ప్రేమ గల కుర్రాళ్లందరూ తెల్లవారుజామునే కంపెనీ బస్సులెక్కి అచ్యుతాపురం ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు. షామియానా కింద మిగిలింది కొందరు రైతులు, వారి ఎదురుగా ఊరి ఆడవాళ్లు. నా ముందు ముసలమ్మలు ఒక వరుసగా కూర్చుని ఉన్నారు.

కార్యదర్శి తీర్మానం చదివాడు. చుట్ట దగ్గరికి రాగానే ముసలమ్మల వరుసలో పెద్దది, పైడమ్మ, లేచింది. ఆమె సర్పంచిగారికి మేనత్త వరస.

“ఏటిరా అప్పలనాయుడూ, సుట్ట బందేటిరా?”

“పొగ వస్తాది కదా అత్తా.”

“నిప్పు లోపలెట్టుకుని కాల్చుకుంటన్నాం. మా పొగ మా నోట్లోనే ఉంటాది. నీకొచ్చిందేటి? నీ నోట్లోంచొచ్చే మాటలకన్నా మేలు కదరా!”

ఆమె చెబుతున్నది అడ్డపొగ సంగతి, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. అది అర్జీలోని వాక్యానికి పూర్తిగా లోబడి ఉంది: పొగ ప్రాంగణం దాటలేదు. నేను నవ్వకూడదు కనుక కాగితాలు సర్దుకున్నాను. సర్పంచిగారు మాత్రం సంతోషించారు. కోపాలు మొదలయ్యాయి కదా.

ఆ సంతోషం డీజే అంశం చదివేదాకా ఉంది. కార్యదర్శి ఆ మాట పూర్తి చేయకుండానే ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోనులో సర్పంచిగారి చిందుల వీడియో పెట్టారు. ఆ పాట షామియానా అంతటా మోగింది. “ఇదొక్కటి సాలు, ఓటేసీదాం,” అని వెనక నుంచి కేక వినిపించింది. పైడమ్మ వరుస కూడా ఊగిసలాడుతోంది. డీజే పోతుందంటే చుట్ట ఇంట్లోనే కాల్చుకుందామా అని వాళ్లలో వాళ్లు సంప్రదించుకుంటున్నారు.

అప్పలనాయుడుగారికి విషయం బోధపడింది. తీర్మానం నెగ్గబోతోంది. అది తన బెల్లం పొయ్యిలనూ ఆర్పేస్తుంది. ఆయన నా వైపు వంగి, సభను వాయిదా వేయమన్నారు. అధ్యక్షులు తామేనని, కోరం నిండిన సభను కారణం చెప్పకుండా వాయిదా వేస్తే ఆ మాట నివేదికలో రాయవలసి ఉంటుందని మనవి చేశాను.

“మీరు మా వైపో, ఆలవైపో సెప్పండి మేడంగారూ.”

“నేను మినిట్సు వైపండి.”

చేతులెత్తమని కార్యదర్శి అనబోతుండగా దేవకరుణ లేచింది. ఆమె చుట్టూ పప్పు కొట్టే స్త్రీలు కూర్చుని ఉన్నారు. ఈసారి చేతులు దాచుకోలేదు.

“ఇందాకట్నించి ఇంటన్నాను. సుట్టన్నారు, బళ్లన్నారు, డీజే అన్నారు. ఒక్కరూ నా పేరెత్తరేటి? నూకరత్నం వదినా, నువ్వు సెప్పు. నా బట్టీ పొగ మీ ఇంట్లోకొస్తందా లేదా?”

నూకరత్నం తల దించుకుని, “వస్తందే,” అంది.

“అంగన్‌వాడీలోకి?”

“అక్కడికీ వస్తంది.”

“మరి నాలుగేళ్లయ్యింది. ఒక్కరోజు నా గుమ్మంలోకొచ్చి సెప్పినావా?”

“ఎలగ సెప్తానే? మా కోడలికి నొప్పులొచ్చినప్పుడు బట్టీ ఆర్పీసి మరీ ఆటో తీసుకొచ్చినావు. ఆ మొగం పెట్టుకుని, నీ పొగొస్తందని సెప్పమంటావేటి?”

“అందుకని ఊరంతటికీ పొయ్యిలు ఆర్పీస్తావా?”

సభ మొత్తం నవ్వింది. నూకరత్నం కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. దేవకరుణ నవ్వలేదు.

“బట్టీ మూయమంటే మూయను. మూస్తే ఈలందరూ ఏటి తింటారు? ఎక్కడికి తీసుకుపోవాలో సెప్పండి, తీసుకుపోతాను. కానీ దేవకరుణ బట్టీ అని రాయండి. ఊరి పొగ అని రాయొద్దు.”

సర్పంచిగారు ఊపిరి పీల్చుకుని లేచారు. ఇది ఇద్దరు ఆడవాళ్ల మధ్య సంగతని, వాళ్లూ వాళ్లూ సామరస్యంగా మాట్లాడుకోవాలని, తీర్మానం ఇక అవసరమే లేదని ఉపన్యాసం మొదలుపెట్టారు.

“కూసోండి బాబూ,” అంది దేవకరుణ. “మీతోటే పని. మీ బెల్లం పొయ్యిల పక్కన బీడు ఉంది కదా. కౌలుకియ్యండి. అక్కడెలాగూ పొగే. ఇంకో పొగొస్తే సెరుకేటీ తుమ్మదు.”

ఆలోచిద్దామన్నారు ఆయన.

“ఆలోసించడానికేటుందిరా?” అంది పైడమ్మ. “పొయ్యి పక్కన పొయ్యే కదా!”

నూకరత్నం అప్పటికి తేరుకుంది. “ఆలోసించండి నాయుడుగారూ. ఈలోగా మొత్తం తీర్మానానికి సేతులెత్తీస్తాం. ఉగాదికి మీ పొయ్యిలూ ఆరిపోతాయి. అప్పుడు తీరిగ్గా ఆలోసించుకోండి.”

సర్పంచిగారు రైతుల వైపు చూశారు. రైతులు షామియానా పైకప్పు వైపు చూశారు. ఆయన బీడు ఇస్తానన్నారు.

ఇక్కడ విధానం చెప్పాలి. అజెండాలోని అంశాన్ని సభలో మార్చాలంటే ఒక ఓటరు సవరణ ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. నూకరత్నం ప్రతిపాదించింది, దేవకరుణ బలపరచింది. అర్జీదారు వాక్యం స్థానంలో ‘దేవకరుణ జీడి బట్టీని మార్చి నెలాఖరులోగా సర్పంచి బీడు భూమిలోకి మార్చాలి, మార్చాక లైసెన్సు పునరుద్ధరించాలి’ అని కార్యదర్శి రాశాడు. చుట్ట అంశాన్ని ముసలమ్మలు ఏకగ్రీవంగా కొట్టివేయించారు. తిరగరాసిన కాగితంలో బళ్ల సైలెన్సర్ల సంగతి చేర్చడం ఎవరికీ గుర్తు రాలేదు, కనుక అదీ పోయింది. డీజే దగ్గర ఆగింది. దానిని కూడా తీసేయమని సర్పంచిగారు కోరారు, కానీ ఆ సవరణను బలపరచడానికి ఎవరూ లేవలేదు. అది పాలకవర్గం తన చొరవతో చేర్చిన అంశమనీ, ఉపసంహరించాలంటే మళ్లీ పాలకవర్గం కూర్చోవాలనీ మినిట్సు చూపించి చెప్పాను. చేతులు లేచాయి. లెక్కపెట్టనక్కరలేకపోయింది.

వారం తరువాత డివిజన్ కార్యాలయం నుంచి పై అధికారి ఫోను చేశారు. గ్రామసభ తీర్మానంలో ఒక ప్రైవేటు వ్యక్తి పేరు రాయడం పద్ధతి కాదన్నారు. ‘సదరు పరిశ్రమ’ అని మార్చమన్నారు. ఆ వ్యక్తి స్వయంగా లేచి తన పేరు రాయమని కోరినట్టు నమోదైందని, మార్చాలంటే ఆమెకు నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినవలసి ఉంటుందని తెలియజేశాను. ఆమె ఎలాంటి మనిషని అడిగారు. బాగా మాట్లాడుతుందన్నాను. పేరు అలాగే ఉంచమన్నారు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. ఎవరినీ నొప్పించకూడదని రాసిన వాక్యాన్ని అమలు చేయడం కుదరదు. అడ్డుకోవడమూ కుదరదు, ఎందుకంటే అడ్డుకునేవాడు కూడా తాను దేనిని అడ్డుకుంటున్నాడో చెప్పనక్కరలేదు. ఫలానా మనిషి, ఫలానా పొగ అని రాస్తే, కనీసం ఆ మనిషి లేచి జవాబు చెప్పగలదు. ఆ తరువాత నా దగ్గరికి వచ్చిన ప్రతి అర్జీకి ముద్ర వేయడానికి ముందు, ఎవరి గురించి రాశారో పేరు చెప్పమని అడిగాను. సగం మంది అర్జీ వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. మిగిలిన సగం పనులు జరిగాయి.

బట్టీ ఫిబ్రవరిలో బీడులోకి మారింది, లైసెన్సు మార్చిలో పునరుద్ధరించారు. నడక దూరమని పప్పు కొట్టేవారిలో ఇద్దరు మానేశారు. డీజే ఆ మరుసటి చవితికి రాలేదు. ఆ పై ఏడు వచ్చింది. అంగన్‌వాడీలో దేవకరుణ పెరడు ఉన్న పడమటి వైపు కిటికీలు పగలంతా తెరిచే ఉంచుతున్నారు.